నలభై పూతల పడవ

లెక్క తప్పిందని ఒప్పుకోవడం నాకు చేతకాదు. ఈ గుణం మా నాన్నగారిది. ఆయన తాడేపల్లిగూడెం స్టేషనులో గూడ్సు గుమాస్తా. బస్తాను కళ్లతో చూసి బరువు చెప్పేవారు. తర్వాత దాన్ని కాటా మీద పెట్టించేవారు. కాటా తన మాటే చెబితే మీసాల చాటున నవ్వుకునేవారు, చెప్పకపోతే కాటాను అనుమానించేవారు. నేను ఏలూరులో మిషను ఆసుపత్రిలో పురుళ్లు పొయ్యడం నేర్చుకుని, ఇరవయ్యారేళ్ల వయసులో కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో నర్సుగా దిగాను. పెట్టెతో పాటు ఆ గుణమూ నా వెంట వచ్చింది. పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట ఇది. ఈ జన్మలో నేను ఒప్పుకున్న తప్పులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఒక చెయ్యి చాలు. అందులో ఒకటి పడవ రంగు గురించి.

ఆ పడవే నాకు కాళ్లు. నా కిందున్న ఊళ్లన్నీ లంకలు. వానాకాలంలో కొల్లేరు నిండితే ఎటు కావాలంటే అటు పోవచ్చు, అడ్డే ఉండదు. వేసవి వచ్చేసరికి నీళ్లు లోపలికి లాక్కుపోయి, కిక్కిస గడ్డికీ బురదకూ మధ్య సన్నటి పాయలు మిగులుతాయి. వాటిలో జానెడు నీళ్లుంటే గొప్ప, కొన్నిచోట్ల బెత్తెడే. అందుకని అడుగు బల్లపరుపుగా, ఇరవై అడుగుల పొడవున, తేలిగ్గా ఉండేలా చేయించారు మా పడవని. గడ వేసి తోసేందుకు ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనా నేనూ నా మందుల పెట్టే, అంతే బరువు.

పురుడు పోసినందుకు మేము ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. అది ఆసుపత్రి నియమం. కొల్లేటివాళ్లకేమో ఊరికే పుచ్చుకోవడం నామోషీ. చేపలు తెస్తే వద్దన్నాను, కోడిని తెస్తే వద్దన్నాను. చివరికి ఎవరో మహానుభావుడు ఒక డబ్బా రంగు పట్టుకొచ్చి, "ఇది మీకు కాదండీ, పడవకండీ" అన్నాడు. పడవకి వద్దనాలని ఏ నియమంలోనూ లేదు. ఇంకేముంది, అదే ఆచారమై కూచుంది. బిడ్డకి నెల వెళ్లగానే ఇంటిల్లిపాదీ దిగేవారు. ఒక్కరి వల్ల కాకపోతే రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి డబ్బా కొనేవారు. ముందు ఇంట్లో ప్రతి ఒక్కరూ, ముసలమ్మ దగ్గర్నుంచి చంటిబిడ్డ దాకా, పడవ ముక్కు మీద తలో పూత వెయ్యాలి. బిడ్డ చేతిలో కుంచె పెట్టి తల్లి వేయించేది. క్రైస్తవులైతే ప్రార్థన చేసి, హిందువులైతే పసుపూ కుంకుమా పెట్టి మొదలుపెట్టేవారు. తర్వాత మగవాళ్లు లోపలా బయటా అడుగునా ఒక పూత పూసేసేవారు. ఎవరికి నచ్చిన రంగు వాళ్లది. పాత రంగు గీకి కొత్తది వెయ్యాలని ఎవరికీ తోచలేదు. తోచినా ఎవరు గీకుతారు? ఒకరి బిడ్డ పేరున వేసిన పూత మీద ఇంకొకరు కత్తి పెడతారా?

అలా ఆరేళ్లు గడిచాయి.

"అమ్మగారూ, పడవ ఒళ్లు చేసిందండీ" అన్నాడు పెద్దాయన ఒకరోజు.

నేను నవ్వేశాను. "చెక్క నీళ్లు తాగి ఉంటుంది తాతగారూ" అన్నాను. ఆ వేసవిలోనే పడవ పాయలో కూరుకుపోతే, మోకాటిలోతు బురదలో పెట్టె నెత్తిన పెట్టుకుని మైలు నడిచాను. నేను వెళ్లేసరికి పురుడు అయిపోయింది. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. అది వాళ్ల అదృష్టం, నా ప్రయోజకత్వం కాదు. ఆ ఇంటి గుమ్మంలో బురద కాళ్లతో నిలబడ్డప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి ఏడు మే నెలలో నేను చెయ్యాల్సిన కాన్పు ఒకటి ఉంది. చివరి లంకలో ఒక జాలరి ఇంటి కోడలు, పట్టుమని ఇరవై ఏళ్లు లేవు. దానికి రెండేళ్ల ముందు వానాకాలంలో ఆవిడ మొదటి కాన్పు నేనే చేశాను. బిడ్డ ఎదురుకాళ్లతో వచ్చాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదు. పుట్టినవాడు పది నెలలు ఇల్లంతా దోగాడి, జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. వాడు పోయిన నెలకే ఈమెకి మళ్లీ నెల తప్పింది. ఈసారి కూడా బిడ్డ ఎదురు తిరుగుతాడో, అడ్డం తిరుగుతాడోనని నాకు బెంగ. "నొప్పులు మొదలవగానే కబురు పెట్టండి, నేను వచ్చేదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు" అని అత్తగారితో ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ ఒట్టు వేసింది సరే, నేను వెళ్లగలనా? మే నెలలో, ఆ పాయల్లో?

ఫిబ్రవరిలో పడవని ఒడ్డుకి లాగి బోర్లించినప్పుడు ఉలి తీసుకుని ముక్కు దగ్గర ఒక అడుగు చదరం రంగు పెచ్చు లేపాను. అబ్బో, ఎంత మందం! అంచు చూస్తే ఉల్లిపాయ పొరల్లా ఎరుపు, పచ్చ, తెలుపు, నీలం, మళ్లీ ఎరుపు. పిల్లల్ని తూచే కొక్కెం కాటాకి గుడ్డలో కట్టి తగిలించాను. మూడు పౌన్లు! తర్వాత పాత పేపర్లు అడుగు చదరాలుగా కత్తిరించి, గంజి రాసి, పడవ లోపలా బయటా అడుగునా అంటించి లెక్కపెట్టాను. రెండు వందల అరవై కాయితాలు పట్టాయి. మూడుతో హెచ్చవేస్తే ఏడు వందల ఎనభై పౌన్లు. మనిషికి నూట ముప్పై చొప్పున చూసుకుంటే ఆరుగురు. ఆరుగురు కనపడని మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతున్నామన్నమాట! ఇంకెవరినీ అడగలేదు, ఇంకోచోట తూచలేదు. నా లెక్క నేను చేశాక ఇంకొకరిని అడగడమెందుకు?

ఆదివారం మా ఊళ్లో సంత. లంకలవాళ్లందరూ వస్తారు. ఏలూరులో రంగులూ మేకులూ అమ్మే కొట్టు షావుకారుగారు కూడా ఆవేళ బండి మీద సరుకు వేసుకుని వచ్చారు. ఒక బల్ల ఎక్కి నిలబడి మాట్లాడాను. పడవ మీద ఏడు వందల ఎనభై పౌన్ల రంగు ఉందనీ, అది గీకెయ్యాలనీ, లేకపోతే వేసవిలో ఏ ఇంటికీ వేళకి రాలేననీ చెప్పాను. అప్పుడు ఆ అత్తగారు లేచింది.

"మా బాబు పూత కూడా గీకేస్తారా అండీ?"

"అన్నీ గీకాలి కదమ్మా."

"వాడిది ఇంక అదొక్కటే మిగిలిందండీ" అంది.

అక్కడ నేను ఆగాల్సింది. ఎండకి నెత్తి మాడిపోతోంది, నాకు ఒళ్లు మండుతోంది, నోరు జారాను. "రంగులో పిల్లాడు లేడమ్మా!" అన్నాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను, కానీ అప్పటికే అందరూ విన్నారు. ఆవిడ కొంగు సర్దుకుని కూచుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఈలోగా షావుకారుగారు గొంతు సవరించుకున్నారు. "ఏవండీ నర్సమ్మగారూ, తప్పుగా అనుకోకండేం. ఈ పడవకి రంగు నా కొట్లోంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ రాలేదు గదండీ. ఆరేళ్లలో నలభై డబ్బాలండి. డబ్బాకి పది పౌన్లు. నాలుగొందలు. మరి మిగతా మూడొందల ఎనభై పౌన్లు ఎక్కణ్ణుంచి వచ్చినట్టండీ? నా రంగు గానీ మీ పడవ మీద పురుడు పోసుకుందా ఏంటండీ?"

సంత సంతంతా గొల్లుమంది. నేను బల్ల దిగాను. గీకే సంగతి ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

ఇంటికొచ్చి ముందు షావుకారుగారిని తిట్టుకున్నాను. తర్వాత కాటాను అనుమానించాను. పక్కింటివాళ్ల తూనికరాళ్లు తెచ్చి తగిలిస్తే కాటా చక్కగా చెబుతోంది. మళ్లీ హెచ్చవేశాను, అదీ సరిగ్గానే ఉంది. నా అవస్థ పెద్దాయన గుమ్మంలో కూచుని చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అన్నాడు.

"ముక్కు దగ్గర తీశారు గదండీ అమ్మగారూ. అక్కడ ఇంటిల్లిపాదీ తలో చెయ్యీ వేస్తారు గదండీ మరి."

అయ్యో దేవుడా! నలభై సార్లు నా కళ్లతో చూశాను. చంటిబిడ్డల చేతుల్లో కుంచె పెట్టించింది కూడా చాలాసార్లు నేనే. ఊరందరి చేతులూ పడ్డ చోట అడుగు చదరం తీసి, పడవంతా అలాగే ఉందనుకున్నాను. ఈ తప్పు షావుకారుది కాదు, కాటాది కాదు, నాది. గట్టిగా పైకే అన్నాను, "తప్పు నాది తాతగారూ" అని. ఆయన బిత్తరపోయి చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఉలి పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి ఏడు చోట్ల తీశాను. ముక్కు, వెనక, రెండు పక్కలు, అడుగు, లోపల రెండు చోట్ల. ముక్కు దగ్గర మూడు పౌన్లుంటే, కాళ్ల రాపిడికి లోపల ఒకచోట అర పౌనే ఉంది. ఏడూ కలిపి పదిన్నర పౌన్లు, సగటు ఒకటిన్నర. రెండు వందల అరవైతో హెచ్చవేస్తే మూడు వందల తొంభై. షావుకారుగారి నాలుగొందలకి పది తక్కువ. ఆ పదీ కుంచెల్లోనూ, డబ్బాల అడుగునా, పిల్లల చొక్కాల మీదా పోయి ఉంటుంది. కాయితం చేత్తో పట్టుకుని ఆ ఒడ్డున ఒక్కదాన్నీ నిలబడి నవ్వాను. లెక్క కుదిరితే కలిగే సంతోషం వేరే దేనికీ రాదు.

కానీ లెక్క కుదిరినంత మాత్రాన పని అయిపోదు. ఆరోజే చిన్న దోనె ఎక్కి చివరి లంకకి వెళ్లాను. అత్తగారు వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. కోడలు ఏడో నెల కడుపుతో అరుగు మీద వల బాగుచేస్తోంది. నన్ను చూసి అత్తగారు పీట వేసింది గానీ మొహం చూడలేదు.

"మొన్న నేనన్న మాట తప్పమ్మా. చెప్పిన లెక్క కూడా తప్పే. ఆరుగురి బరువు కాదు, ముగ్గురిదే" అన్నాను.

"ముగ్గురేనా అండీ?" అందావిడ చప్పున తలెత్తి. "ముగ్గురైతే పోనీలెండి. ఆమాత్రం మొయ్యదా పడవ?"

"వానాకాలంలో మోస్తుందమ్మా. ముగ్గురెక్కితే పడవ ఒక అంగుళం కిందికి దిగుతుంది. మే నెలలో పాయలో ఉండేదే బెత్తెడు నీళ్లు. ఆ అంగుళంతో అడుగు బురదకి ఆనుతుంది."

ఆవిడ చేపల్ని వరసంతా తిరగేసింది. తర్వాత మెల్లగా అడిగింది. "పోనీ మావాడిదొక్కటీ ఉంచేసి మిగతావి గీకండి. ఒక్క పూత బరువెంతండీ?"

పది పౌన్లని చెప్పాను. కానీ వాడి పేరున వేసిన నీలం పూత మీద ఎనిమిది పూతలున్నాయి, కింద ముప్పై ఒకటి ఉన్నాయి. కిందవి లేపితే అదీ లేస్తుంది. పొరలు అతుక్కుని ఒక్కటైపోయాయి. అంతా విన్నాక, "మా ఇష్టమేముందండీ, మీరు చదువుకున్నవారు" అంది. అంటే ఒప్పుకోలేదని అర్థం. ఆ ఊళ్లలో ఆ మాటకి ఇంకో అర్థం లేదు. కోడలు తలెత్తకుండా వల కుడుతూనే ఉంది. ఆవిడ వింటోందో లేదో కూడా నాకు తెలియలేదు. తిరిగొస్తుంటే దారి పొడుగునా నా మీద నాకే కోపం. సరైన లెక్క ముందే చేసి, మంచిగా చెప్పి ఉంటే సగం పని అయ్యేది కదా!

మర్నాడు పొద్దున్నే పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. వెళ్లి చూద్దును కదా, ఆ కోడలు పడవ దగ్గర నేల మీద చతికిలబడి, చేప పొలుసులు తీసే కత్తితో రంగు గీకుతోంది. నిండు కడుపు అడ్డం వస్తుంటే పక్కకి ఒరిగి గీకుతోంది. పడవ పక్కన అరచేతి వెడల్పున పై పూతలు లేచిపోయి లోపలి నీలం కనబడుతోంది. అత్తగారు రెండు గజాల అవతల నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నువ్వెందుకమ్మా ఈ పని? లే ముందు!" అని కేకలేశాను.

ఆవిడ లేవలేదు. నీలం మీద ఒకసారి వేళ్లతో రాసింది. "వాడు దిగితేనే గదండీ, మీరు వీడి దగ్గరికి రాగలిగేది" అంది. అని, కత్తి మొన ఆ నీలం కింద పెట్టి పెచ్చు లేపింది.

అత్తగారు వచ్చి కోడలి పక్కన కూచుని, రాలిన నీలం పెచ్చులు ఏరి కొంగున కట్టుకుంది. తర్వాత కోడలి చేతిలోంచి కత్తి తీసుకుని తనే గీకడం మొదలుపెట్టింది. కోడలిని నేను లేవదీసి నీడకి తీసుకెళ్లాను. కబురు లంకలకి ఎలా పాకిందో గానీ, మధ్యాహ్నానికి పది మంది ఆడవాళ్లు పొలుసు కత్తులతో వచ్చారు. మర్నాడు మగవాళ్లు ఉలులతో వచ్చి తాటాకు కాగడాలతో రంగు వేడిచేసి లేపారు. ఎవరి పూత కనబడితే వాళ్లు ఒక్క క్షణం ఆగి, పిల్లల్ని పిలిచి చూపించి, మళ్లీ గీకేవారు. నాలుగు రోజుల్లో కర్ర బయటపడింది. నూనె పట్టించి, ఒకే ఒక్క పూత వేయించాను. షావుకారుగారు ఆ డబ్బా తనే పంపించారు. నేను పంపిన కొత్త లెక్క చూసి, "ఇప్పుడు కుదిరిందండీ" అన్నారట. కుదరక ఏం చేస్తుంది?

మే నెలలో ఒక ఉదయం, ఎండ ఇంకా ముదరకముందే ఆ కోడలి భర్త, మనిషి ఒక్కడే పట్టే దోనె మీద వచ్చాడు. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయని చెప్పి, దోనె తిప్పుకుని ముందే వెళ్లిపోయాడు. ఐదు నిమిషాల్లో బయల్దేరాం. పాయల్లో నీళ్లు ఆ ఏడాది మరీ అడుగంటాయి. మొదటి పాయలో పడవ అడుగు బురదని రాసుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది, కానీ ఆగలేదు. పెద్దాయన గడ వేసినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టాను. చివరి మలుపులో మాత్రం ఆగిపోయింది. దిగాం. కిందటేడు ఇలాంటి చోటే దారిన పోయే జాలర్లతో కలిసి ఐదుగురం తోసినా అది కదల్లేదు. ఇప్పుడు ఆయనా నేనూ ఇద్దరమే చెరో పక్కా పట్టుకుని, ఒక్కసారి ఊపిరి బిగించి తోశాం. జారి ముందుకు వెళ్లింది. "చూశారా!" అని అరిచాను, అక్కడ చూసేవాళ్లెవరూ లేకపోయినా.

బిడ్డ అడ్డంగానే ఉంది. పైనుంచి చేత్తో తిప్పడానికి గంట పట్టింది. వేళ మించకముందే వెళ్లాను కాబట్టి తిప్పగలిగాను. ఆలస్యమైతే తిప్పడానికి కుదిరేది కాదు, నాకు తెలుసు. మిట్టమధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది, పుడుతూనే కొంప ఎగిరిపోయేలా ఏడ్చింది. అత్తగారు వాకిట్లోంచి "అమ్మగారూ? అమ్మగారూ?" అని అరుస్తోంది. "ఇద్దరూ క్షేమం!" అని నేనూ అరిచాను.

పిల్లని కడిగి, గుడ్డలో చుట్టి, తల్లి పక్కలో పెట్టాను. సామాను సర్దుకుని లేవబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మొదటివాడు పోయాక నెల తిరక్కుండానే కడుపు నిలవడంతో, ఏడిస్తే లోపలి బిడ్డకి కీడని పెద్దవాళ్లు ఆవిణ్ణి కన్నీటిచుక్క రాల్చనివ్వలేదట. ఆ సంగతి నాకు ఆ క్షణందాకా తెలియదు.

"అమ్మగారూ, ఇంక ఏడవచ్చాండీ?" అని అడిగింది.

"ఏడువమ్మా. తనివితీరా ఏడువు" అన్నాను. చంటిదాన్ని నా ఒళ్లోకి తీసుకుని పక్కన కూచున్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి వాడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.